లైన్ మీద మనిషి: మన్యంకొండ దారిలో ఒక మధ్యాహ్నం

మా ఆయనకు గుండె ఆపరేషన్ జరిగినప్పుడు, ఆయన లేచి తిరిగితే మన్యంకొండ వేంకటేశ్వరస్వామి దర్శనానికి వస్తానని మొక్కుకున్నాను. ఆయన తేరుకున్నారు కానీ అంతసేపు బస్సులో కూర్చోలేరు. అందుకే కేతేపల్లి నుంచి ఒక్కదాన్నే బయలుదేరాను. ఇంత దూరం ఒంటరిగా రావడం నాకిది మొదటిసారి. పొద్దున్నే నల్లగొండ చేరి, దేవరకొండ మీదుగా కల్వకుర్తికి పోయే బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం కాబట్టి ఖర్చు దిగులు లేదు. తప్పిపోతానేమోనన్నదే నా భయం.

ఇంగ్లిష్ రాని మేము రోజుకెన్నిసార్లు 'లైన్' అంటామో ఆ దారిలోనే గమనించాను. బస్టాండులో కండక్టర్ "లైన్ల ఎక్కుండ్రి, తోసుకోకుండ్రి" అని అరిచాడు. ఇంటికి ఫోన్ చేస్తే మా బిడ్డ "లైన్ల ఉండమ్మా, నాయినకిస్త" అంది. మహబూబ్‌నగర్‌కు నేరుగా బస్సుందా అని అడిగితే, "గీ లైన్ల బండ్లు తక్కువమ్మా, కల్వకుర్తిల మారు" అన్నాడు కండక్టర్. వెనక సీటులో ఫోన్ చూసి నవ్వుకుంటున్న పిల్లను స్నేహితురాలు "ఎవడే లైనేసేటోడు?" అని ఏడిపిస్తోంది. నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు నేను నవ్వింది అప్పుడొక్కసారే.

కల్వకుర్తిలో బస్సు మారి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్‌లో దిగేసరికి మధ్యాహ్నం అయింది. కొండకు పోనురాను ఐదు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ పేరు యాదయ్య, నలభై ఏళ్లుంటాయి. ఊరు దాటగానే అతని భార్య ఫోన్ చేసింది. మాట్లాడి, ఆటో నెమ్మది చేశాడు.

"అమ్మా, జర ఆగుదమా? మా చేను దారిలనే. బోరుకాడ వైరు తెగిందట, నారుమడి ఎండుతాంది."

"లైన్‌మన్‌ను పిలువరాదా?"

"పిలిస్తే రేపొస్తన్నడు. రేపటికి నారు గడ్డైతది."

పొలాల మధ్య ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆటో ఆపి, స్తంభానికున్న పొడవాటి ఇనుప హ్యాండిల్‌ను కిందికి గుంజాడు. పైన టక్కుమని చప్పుడైంది. "ఇగ కరెంటు బంద్. ఈడ అందరి మోటార్లకు గిదే లైన్. ఎవలొచ్చినా హ్యాండిల్ ఎత్తనీయకమ్మా. లైన్ మీద మనిషున్నడని చెప్పు."

"నేనా?"

"ఇంకెవలున్నరు ఈడ?"

తలెత్తు పెరిగిన కంది చేనులోకి దూరి కనబడకుండా పోయాడు. నేను ఇంట్లో ఫ్యూజు కూడా ముట్టుకోను. గోవిందా గోవిందా అనుకుంటూ ఆ స్తంభం పక్కన నిలబడ్డాను.

కాసేపటికి అటువైపు గట్టు మీద నుంచి ఒక పెద్దమనిషి తువ్వాల దులుపుకుంటూ విసవిసా వచ్చాడు. "ఎవడయా గుంజింది? నా మోటారు ఇప్పుడే పట్టింది, ఇప్పుడే బందు పెట్టిరి" అంటూ హ్యాండిల్ మీద చెయ్యేశాడు.

"అన్నా, ఎత్తకు. లైన్ మీద మనిషున్నడు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"ఏమన్నవ్? నువ్వెవలమ్మా? జరుగు."

అతను ఎత్తబోయాడు. ఇనుమును ముట్టుకుంటే ఏమవుతుందో తెలియదు. అయినా రెండు చేతులతో పట్టుకుని నా బరువంతా దాని మీద వేశాను. "మనిషున్నడు! యాదయ్య ఉన్నడు!" అని అరిచాను. అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు.

"వాడు పట్నంల ఆటో తోలవట్టె, ఈడేడున్నడు?" అంటూనే వెనక్కి చూశాడు. రోడ్డు పక్కన ఆటో కనబడింది. జేబులోంచి ఫోన్ తీసి యాదయ్యకు చేస్తే, ఆ ఫోన్ ఆటోలోనే మోగింది. "ఓ యాదిగా!" అని కేకేశాడు. గాలికి కంది కాయల గలగల తప్ప ఏమీ వినబడలేదు. ఒకవేళ ఇప్పటికే ఏమైనా అయిందా?

పెద్దాయన మెల్లగా చెయ్యి తీసేసి చేనులోకి పరుగెత్తాడు. తిరిగొచ్చేటప్పుడు యాదయ్య మెడ పట్టుకుని వస్తున్నాడు. "కొడుకా, వైరు నోట్ల పెట్టుకొని కూసున్నవు! పిలిస్తే పలుకవైతివి!"

"పండ్లతోని వైరు తొక్క తీస్తుంటె ఎట్ల పలుకుత మామా?" అని యాదయ్య నవ్వబోయాడు. పెద్దాయన ముఖం చూసి ఆగిపోయాడు. ఆయన గట్టు మీద కూలబడి తన కుడి చేతిని చూసుకుంటున్నాడు. "ఇంత పనైతుండెనా" అన్నాడు మెల్లగా.

యాదయ్య వైరు కలిపి వచ్చి, తనే హ్యాండిల్ ఎత్తాక బయలుదేరాం. కొండ మీద దర్శనం బాగానే అయింది, జనం పలుచగా ఉన్నారు. కానీ స్వామి ముందు మా ఆయన కోసం మొక్కిన మొక్కు తీర్చాక, ఇంకేమీ అడగలేకపోయాను. అంతకుముందు ఏ గుడికెళ్లినా నేనూ నావాళ్లూ అని అడిగేదాన్ని. ఆ రోజు మాత్రం పేరు తప్ప ఏమీ తెలియని మనిషి భార్య, నారుమడి దగ్గర నీళ్ల కోసం ఎదురుచూస్తూ కళ్ల ముందు మెదిలింది. యాదయ్య మెట్ల కింద నన్ను చూసి "ఇగ నుంచి లైన్‌మన్ వచ్చినంకనే ముట్టుకుంటనమ్మా" అన్నాడు. ఆ మాట మీద ఉంటాడో ఉండడో నాకు తెలియదు. ఇప్పటికీ రాత్రుళ్లు కరెంటు పోయి వస్తే, లైన్ మీద ఎవరైనా ఉన్నారేమోనని లేచి కూర్చుంటాను.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను: పొలాల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ హ్యాండిల్ కిందికి గుంజి ఉంటే, పక్కన ఎవరూ కనబడకపోయినా, దాన్ని మీరు ఎత్తకండి, ఎవరినీ ఎత్తనివ్వకండి. ముందు మనిషిని వెతకండి.