మళ్ళీ అదే ఊలు

బోయిగూడలో ఒక పాత కమ్యూనిటీ హాలు మేడ మీద ఆరేళ్ళుగా స్వెటర్ల క్లాసు నడుస్తోంది. అంతా ఉచితం. సూదులు వాళ్ళే ఇస్తారు, ఊలు వాళ్ళే ఇస్తారు, నాలుగు నెలలయ్యాక పేరు రాసిన సర్టిఫికెట్టు కూడా ఇస్తారు. ఇవ్వనిదల్లా స్వెటరు ఒక్కటే.

ఎందుకివ్వరంటే, ఇస్తే తరువాత వచ్చేవాళ్ళకు ఊలుండదు. క్లాసు మొదలైన ఏడాది ఎవరో పుణ్యాత్ముడు అయిదు కిలోల ఊలు దానం చేశాడు. ఆ తరువాత దానం చేసినవాడు లేడు. అందుకని ప్రతి బ్యాచ్ చివరి రోజున ఆడవాళ్ళు తాము అల్లినవి పట్టుకుని వరసగా నిలబడతారు, క్లాసు నడిపే ట్రస్టు మేనేజరు వేణుమాధవ్ ఫోటో తీస్తాడు, ఆ తరువాత అందరూ చాప మీద కూర్చుని ఎవరి స్వెటరు వాళ్ళు ఊడదీసి ఉండలు చుడతారు. ఆ ఊలుతోనే మళ్ళీ కొత్త బ్యాచ్ మొదలవుతుంది. విడదీయడం తేలిక కావాలని ముందు పలకను, వెనుక పలకను, చేతులను కలిపేటప్పుడు కూడా గట్టిగా కుట్టరు, పైపైన టాకాలు వేస్తారు. ఊడదీసిన ఊలు వంకర్లు తిరిగి ఉంటుంది. కుర్చీ వీపుకు చుట్టి, తడిపి ఆరబెడితే కొంత సాపు అవుతుంది. ఇన్నేళ్ళలో అది ఎన్నిసార్లు తడిసిందో, ఎన్ని చేతులు మారిందో. మొదట అది ముదురు ఎరుపు అని చెబితే ఇప్పుడెవరూ నమ్మరు.

ఈ క్లాసు చెప్పేది కనకలక్ష్మి. బొబ్బిలి దగ్గరి పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక భర్త పోలరాజు ఉద్యోగం వెంట సికింద్రాబాదు వచ్చింది. పోలరాజు మందుల గోడౌనులో గుమాస్తా. కార్ఖానా అనే పేటలో మొదట అద్దెకున్న ఇంట్లో పక్క వాటాలో క్యారల్ అనే పెద్దావిడ ఉండేది. ఆవిడ వరండాలో కూర్చుని అల్లుతుంటే, కనకలక్ష్మి బియ్యం ఏరుకుంటూ చూసి చూసి నేర్చుకుంది. పదో తరగతి తప్పిన మనిషి. యాభై రెండేళ్ళు వచ్చేదాకా ఆమెను పోలరాజుగారి భార్య అన్నారే తప్ప, ఆమె పేరు పలికినవాళ్ళు ఇంటి బయట లేరు. ఈ క్లాసుకు వచ్చాకే టీచరమ్మ అయింది. జీతం లేదు, బస్సు ఛార్జీలు మాత్రం ఇస్తారు. మెట్లెక్కి వస్తుంటే పదకొండు మంది ఆడవాళ్ళు లేచి నిలబడతారు చూడండి, ఆ నిలబడటమే ఆమె జీతం. అది పోతుందేమోనన్న భయం ఆమెకు ఎప్పుడూ ఉండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, ఉండేది.

చెప్పడం మాత్రం బాగా చెప్పేది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేది. అయినా బుచ్చమ్మ దగ్గర ఆ పండు కూడా జారి కింద పడేది.

బుచ్చమ్మ ఆ వీధిలోనే ఉంటుంది, మూడిళ్ళలో అంట్లు తోముతుంది. సబ్బునీళ్ళకు పగిలిన వేళ్ళకు ఊలు తట్టుకునేది. మొదటి బ్యాచ్‌లో వెనుక పలక సగం అల్లింది, గడువైపోయింది, ఊడదీసింది. రెండో బ్యాచ్‌లో రెండు పలకలూ అయ్యాయి, చేతులు కాలేదు, ఊడదీసింది. మూడోసారి మళ్ళీ పేరు రాయించుకోవడానికి వస్తే తోటివాళ్ళు నవ్వారు. కనకలక్ష్మికీ నవ్వొచ్చింది. మిగతావాళ్ళంతా చంటిపిల్లలకు సరిపడే స్వెటర్లు అల్లుతుంటే ఈమె మగమనిషి కొలత పెట్టుకు కూర్చుందేమిటని ఒకరోజు అడిగింది కూడా.

భర్త కోసమట. ఆయన పేరు పర్వతాలు. స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ముప్పై అయిదేళ్ళు మూటలు మోసిన హమాలీ. రెండేళ్ళుగా ఊపిరి అందక ఇంట్లోనే ఉంటున్నాడు. దసరా వెళ్ళాక పెద్దాసుపత్రిలో చూపిస్తే, డాక్టరు మందులేవీ కొత్తగా రాయలేదు. ఆయనకు ఇష్టమైనవి వండి పెట్టండి అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో చదువు రానివాళ్ళకు కూడా తెలుసు.

చలికి స్వెటరే కావాలంటే ఫుట్‌పాత్ మీద దొరుకుతాయి కదా అంది కనకలక్ష్మి.

"ఉన్నది టీచరమ్మా, కొనుక్కొచ్చిన. గందుకు కాదు. నలభై ఏండ్ల సంది ఆయన కష్టం తింటున్న. నా చేత్తోని చేసింది ఒక్కటన్న ఆయన ఒంటి మీద ఉండాలె."

"రోజూ నీ చేత్తోనే కదా వండి పెడుతున్నావు."

"అన్నం తింటే అయిపోతది."

ఆ జవాబు కనకలక్ష్మి మనసులో దిగబడిపోయింది. ఆ రోజు నుంచి బుచ్చమ్మను తన పక్కన కూర్చోబెట్టుకుంది. సీదా కుట్టు, ఉల్టా కుట్టు, మళ్ళీ సీదా అని మంత్రంలా చెప్పించింది. డిసెంబరు నాటికి బుచ్చమ్మ చెయ్యి తిరిగింది. తిరగడమంటే అలా ఇలా కాదు. క్లాసులో ఎవరి అల్లికా అంత బిగువుగా, అంత వరసగా లేదు. ఈసారి స్వెటరు పూర్తవుతుందని తెలిసిపోయింది. అప్పుడే కనకలక్ష్మి చేయకూడని పని చేసింది. ఈసారి దీన్ని ఊడదీయనివ్వను, ఇంటికి తీసుకెళ్ళిపోదువు గాని అని మాటిచ్చేసింది.

మాటివ్వడం తేలికే. వేణుమాధవ్‌ను అడిగితే ఆయన కోప్పడలేదు. మంచిమనిషే, కాకపోతే ట్రస్టు కాగితాలు మోసీ మోసీ ఆయన మెడ అటే వంగిపోయింది. అర కిలో ఊలు నా డబ్బులతో కొని లెక్క సరిచేస్తానంది కనకలక్ష్మి.

"ఒక్కామెకిస్తే మిగతా పదిమంది నోళ్ళు ఎవరు మూస్తారు మేడం? అందరికీ తెండి, అందరికీ ఇద్దాం. లేదంటే గొడవై క్లాసే మూస్తరు. నా చేతుల లేదు."

అందరికీ అంటే అయిదు కిలోలు. కొనే తాహతు లేదు. దానం అడగాలి. అప్పటినుంచి కనకలక్ష్మి ఊలు కోసం ఊరు మీద పడింది.

జనరల్ బజారులో హరికిషన్ అనే ఆయన దుకాణంలో ఒకప్పుడు గోడ నిండా ఊలు ఉండేది. ఇప్పుడక్కడ చీరలకు అతికించే అంచులున్నాయి. అల్లేవాళ్ళెక్కడున్నారమ్మా, మా ఇంట్లోనే రెడీమేడ్‌వి కొంటున్నారు అన్నాడాయన. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. అటకెక్కి వెతికి పాత సరుకులో మిగిలిన మూడు ఉండలిచ్చాడు. మూడూ ఎలుకలు కొరికినవే. ఏ.ఎస్. రావు నగర్‌లో చేతిపనుల సామాను అమ్మే కొత్త దుకాణం ఉందని తెలిసి రెండు బస్సులు మారి వెళ్ళింది. అక్కడి అమ్మాయి నవ్వుతూ ఉచితంగా నేర్చుకునే వీడియోల జాబితా ఇచ్చింది, వాట్సాప్ గ్రూపులో చేర్చింది. ఊలు మాత్రం నిమ్మకాయంత ఉండలు, గాజు పెట్టెల్లో.

ఆ గ్రూపు సంగతి చెప్పాలి. ఉచిత డిజైన్లు రెండు వందలు, ఉచిత క్లాసులు నలభై, ఉచిత సలహాలకు లెక్కే లేదు. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారని మనవాళ్ళను ఆడిపోసుకుంటాం గానీ, ఫ్రీగా పంచేవాళ్ళు సైతం ఫినాయిలే పంచుతారు. నేర్పేవాళ్ళు బోలెడుమంది, అల్లుకోవడానికి దారం ఇచ్చేవాడు ఒక్కడు లేడు. కనకలక్ష్మి తడుముకుంటూ తెలుగులో తన అవసరం టైపు చేసింది. పద్దెనిమిది మంది దండం బొమ్మలు పెట్టారు.

చివరికి ఆమెకే ఒక ఉపాయం తట్టింది. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత స్వెటర్లు గుట్టలుగా పోసి అమ్ముతారు. వాటిని విప్పితే ఊలే కదా. మిక్సీ కోసం దాచుకున్న డబ్బంతా పెట్టి పెద్ద మూటెడు కొనుక్కొచ్చింది. ఇంటికొచ్చి మొదటిది విప్పబోతే ఊలు మూరెడు మూరెడు ముక్కలుగా చేతికొచ్చింది. రెండోదీ అంతే. అవి మిషను మీద గుడ్డలా నేసి, కత్తిరించి కుట్టినవి. వాటిలో కొస నుంచి కొస దాకా సాగే దారం ఉండదు. పక్క కుట్టు తిప్పి చూస్తే కొనే ముందే తెలిసిపోయేది. ఆరేళ్ళు టీచరమ్మగా చేసిన మనిషి ఆత్రంలో ఆ కుట్టు తిప్పి చూడలేదు.

పోలరాజు పక్కన కూర్చుని ముక్కకు ముక్క ముడివేయడం మొదలుపెట్టాడు. గంటసేపు వేసి, అరచేతిలో ఉన్న చిన్న ఉండను చూసి అన్నాడు. "ఏటే, ఆవిడికి కొత్త ఊలు కొనిచ్చీ. ఇంటికాడ మళ్ళీ అల్లుకుంటాది."

"మూడు బ్యాచ్‌లు పట్టింది ఆమెకు. ఈసారి తొందరగా అల్లినా నాలుగు నెలలు."

పోలరాజుకు పర్వతాలు సంగతి తెలుసు. లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

జనవరి ఆఖరుకు బ్యాచ్ అయిపోయింది. మాట తప్పుతున్నానని బుచ్చమ్మకు ముందే చెప్పాలని కనకలక్ష్మి వారం రోజులు అనుకుంది. అనుకున్న ప్రతిరోజూ రేపు చెబుదాంలే అనుకుంది. చెప్పింది ఆ ఉదయమే, మెట్ల దగ్గర. బుచ్చమ్మ "మీరు నా కోసం మస్తు తక్లీఫ్ పడ్డరు టీచరమ్మా" అని మాత్రం అంది. ఆ మాట కంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

ఫోటోకని పర్వతాలు వచ్చాడు. రెండు అంతస్తుల మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఎక్కి, గోడకు ఆనుకుని, ఊపిరి తీసుకున్నాక స్వెటరు తొడుక్కున్నాడు. ఎముకల గూడు లాంటి మనిషి ఆ స్వెటర్లో కాస్త నిండుగా కనిపించాడు. చేతులు రెండూ చాచి చూసుకున్నాడు, ఛాతీ మీద అల్లికను వేలితో తడిమాడు. బుచ్చమ్మ ఆయన వైపు చూడకుండా కెమెరా వైపే చూస్తూ నిలబడింది. వేణుమాధవ్ రెండు ఫోటోలు తీసి, ఫోను మోగితే మాట్లాడుతూ వెనక బాల్కనీలోకి వెళ్ళాడు.

పర్వతాలు భార్యకు పోదామని సైగ చేసి, గోడ పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు. స్వెటరు ఒంటి మీదే ఉంది. అది ఊడదీయాల్సిన స్వెటరని ఆయనకెవరూ చెప్పలేదు. ఒక మెట్టు దిగాడు. రెండో మెట్టు దిగాడు.

హాల్లో పదిమంది ఆడవాళ్ళున్నారు. ఎవరు గొడవ చేస్తారని వేణుమాధవ్ భయపడ్డాడో ఆ పదిమంది. ఒకరి తరువాత ఒకరు తలలు దించుకుని, తమ పిల్లల స్వెటర్ల టాకాలు విప్పే పనిలో పడ్డారు. ఎవరూ మెట్ల వైపు చూడలేదు. చూడకూడదని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నది కూడా లేదు. బాల్కనీ తలుపు దగ్గరగా వేసి ఉంది. కనకలక్ష్మి చేయవలసింది ఏమీ లేదు. ఊరకే ఉంటే చాలు.

"అన్నయ్యా, స్వెటరు" అంది కనకలక్ష్మి.

ఎందుకందో ఆమెకు ఈనాటికీ తెలియదు. ఆరేళ్ళ అలవాటు అనుకుంటుంది ఒక్కోసారి. ఒక్కోసారి మాత్రం నిజం ఒప్పుకుంటుంది. ఆ క్షణంలో ఆమెకు కనబడింది పర్వతాలు కాదు. తను మెట్లెక్కి వస్తుంటే లేచి నిలబడే ఆడవాళ్ళు.

పర్వతాలు ఆగి వెనక్కి తిరిగాడు. ఆమె ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు. అర్థమైంది. "నాకే అనుకున్న" అన్నాడు, తనదే తప్పయినట్టు. ఆ రెండు మెట్లూ మళ్ళీ ఎక్కి వచ్చి చేతులు పైకెత్తాడు. బుచ్చమ్మ మెల్లగా తల మీంచి తీసింది, జుట్టు చెరిగితే చేత్తో సర్దింది, ఆయన తువ్వాలే భుజాల చుట్టూ కప్పి కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆ తరువాత చాప మీద కూర్చుని టాకాలు విప్పింది. పలకలూ చేతులూ నాలుగూ విడిపోయాయి. ముందు పలక ఒళ్ళో పెట్టుకుని మెడ దగ్గర కొస వెతికింది, దొరికింది. వేళ్ళతో పట్టుకుంది గానీ లాగలేదు. లేచి వచ్చి ఆ పలకను కనకలక్ష్మి చేతిలో పెట్టింది.

"మీరే ఇప్పుండ్రి టీచరమ్మా. నాకు చేతులాడ్తలేవు."

కనకలక్ష్మి కొస పట్టుకుని లాగింది. బుచ్చమ్మ ఎక్కడా ఒక్క కుట్టు తప్పలేదు. ఒక వరస అయ్యాక ఇంకో వరస, ఎక్కడా చిక్కు పడకుండా ఊలు వస్తూనే ఉంది. కుర్చీలోంచి పర్వతాలు చూస్తున్నాడు.