మా మేనత్త ఎత్తి చూసిన చెయ్యి

నా చిన్నప్పుడు మా చిన్నాయన దేవుడయ్యాడు. ఊరంతా అలాగే అనుకుంది. శంషాబాద్ పక్కన తొండుపల్లి మాది. విమానాలు ఇంకా రాలేదు, అన్నీ జొన్నచేలే. కొన్ని నెలలుగా ఆయన ఎవరో పిలుస్తున్నారంటూ గోడలతో మాట్లాడేవాడు. ఒకనాడు పొద్దున అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే బిగుసుకుపోయాడు. మాట లేదు, కదలిక లేదు. అమ్మవారు పూనిందని మా నానమ్మ నుదుట పసుపు పెట్టింది. ఇక జనం కొబ్బరికాయలు పట్టుకొచ్చి కాళ్లు మొక్కడం మొదలుపెట్టారు. దేవత ఉపవాసంలో ఉంది, అన్నం నీళ్లు చూపించొద్దన్నారు. మర్నాటికి ఆయన పెదాలు పగిలిపోయాయి.

కబురు విని అత్తాపూర్ నుంచి మా మేనత్త వచ్చింది. చిన్నాయనకు అక్క. జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

"ముట్టకు బిడ్డా, అమ్మవారు ఒంటి మీదున్నది," అంది నానమ్మ.

"అమ్మవారొస్తే ఎగురుతది, బోనం అడుగుతది. వీడు గుక్కెడు నీళ్లు గూడ అడుగుతలేడు గదనే అవ్వా!"

అంటూనే ఆయన చెయ్యి పైకెత్తి వదిలేసింది. చెయ్యి కిందికి రాలేదు, గాలిలో అలాగే నిలిచింది. దీవిస్తున్నాడంటూ జనం దండాలు పెట్టారు. అత్తకు ఒళ్లు మండింది. ఆ చేతిని తనే మెల్లగా దించి, మా బాపు వైపు తిరిగింది.

"దీవెన గాదన్నా, దించుకునుడు చాతనైతలేదు. గిది రోగం. బండి కట్టు, లేకుంటే దాహంతోని సస్తడు."

అమ్మవారికి కోపమొస్తే ఇల్లే ఉండదని పెద్దలు బెదిరించారు. బాపు అమ్మవారికి దండం పెట్టుకుని ఎడ్లను కట్టాడు. నేనూ బండెక్కాను. దారి పొడుగునా అత్త, "జర ఓర్చుకో తమ్మీ, దవాఖాన వస్తున్నది," అని ఆయనతో చెబుతూనే ఉంది. రాయితో మాట్లాడుతుందేమిటని నాకు వింతగా అనిపించింది.

పట్నం దవాఖానలో సెలైన్ ఎక్కించారు, సూదులిచ్చారు. మనసు జబ్బులో ఒక్కోసారి ఇలా బిగుసుకుపోతారని, ఆలస్యమైతే ప్రాణం పోయేదని డాక్టర్ అన్నాడు. ఆ జబ్బు స్కిజోఫ్రీనియా అనీ, ఆ బిగుసుకుపోవడం క్యాటటోనియా అనీ ముసలితనంలో అక్షరాలు నేర్చాక నేనే చదువుకున్నాను.

కొన్నాళ్లకు చిన్నాయన నోరు తెరిచాడు. "అక్కా, నువ్వు ఎత్తిన చెయ్యి మస్తు గుంజింది. దించరాలె. మీరన్నయన్నీ ఇన్న."

మందులు బతికినంత కాలం మింగాడు. ఎప్పుడైనా ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోతే, తరచూ వచ్చి చూసిపోయే అత్తే అందరికంటే ముందు పసిగట్టేది, మళ్లీ దవాఖానకు లాక్కుపోయేది. అలాంటి కళ్లు నేను ఇంకెవరికీ చూడలేదు.

ఈ రోజుకీ ఎవరైనా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే దయ్యమనీ, దేవుడనీ, మొండితనమనీ నా ముందు అననివ్వను. దవాఖానకు పదండంటాను. వెంట నేనూ వెళ్తాను, దారంతా ఆ మనిషితో మాట్లాడుతూనే ఉంటాను. జవాబు రాదు. కానీ వింటుంటారు.