చావు కబురు రాని ఇల్లు

నిన్న వానలో టైడా ఊరు దాటి వస్తుంటే, ఎవరి పొయ్యి మీదో ఉడుకుతున్న టెంక అంబలి వాసన జీపులోకి కొట్టింది. వగరుగా, కాస్త పుల్లగా ఉండే ఆ వాసనను ఇప్పటికీ ఇట్టే పోల్చుకుంటాను. వెంటనే నరసమ్మ మేడం గుర్తొస్తారు. నేను ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా చేరిన కొత్తలో ఆవిడే నా సూపర్వైజరు.

మామిడి టెంకలోని జీడిని గెడ్డలో, అంటే కొండవాగు నీళ్లలో, రోజుల తరబడి నానబెట్టి, వగరు పోగొట్టి, ఎండబెట్టి, వానాకాలం అంబలికి అటక మీద దాచుకోవడం ఈ కొండ ఊళ్ల పద్ధతి. బూజు పట్టిన జీడి తిని చనిపోయేవాళ్లూ ఉన్నారు. నేను మైదానం నుంచి వచ్చినదాన్ని. వాంతులు, విరేచనాలు అని రిజిస్టరులో రాసేసి చేతులు దులుపుకునేదాన్ని. మేడం ఆ పేజీలు చూసి మండిపడ్డారు. ఏం తిన్నారో అడగకుండా ఎలా రాశావని, చావు జరిగిన ప్రతి ఇంటికీ నన్ను మళ్లీ తిప్పారు.

చనిపోయినవాళ్లంతా టెంక అంబలి తాగినవాళ్లేనని లెక్క తేలాక ఊరివాళ్లను కూర్చోబెట్టి గర్వంగా చదివాను, టెంక మానేయమన్నాను. సోమన్న తాత అనే పెద్దాయన నవ్వి, "పుట్టిన కాడ్నించీ ఇదే తాగుతన్నాను. నాకేటైంది?" అన్నాడు. అందరూ తలలూపారు. నా లెక్క చిత్తుకాగితమైపోయింది. ఒళ్లు మండి, ముసలాయన అబద్ధమాడుతున్నాడని దారిలో మేడంతో అన్నాను.

"అబద్ధం కాదే గుంటా. బతికినోడు కాబట్టి సెప్పాడు. సచ్చిపోయినోలు మీటింగుకి రారు కదా," అన్నారావిడ. "నువ్వూ సచ్చినోలిళ్లకే ఎల్లావు. తిని బతికినోలిళ్లు సూసావేటి?"

మర్నాటి నుంచి ఆ ఇళ్లకూ వెళ్లాం. ఆవిడ అటకలెక్కి, బుట్టలు దించి, జీడి విరిచి చూసేవారు. పొయ్యి పొగ తగిలేచోట ఉన్నవి పొడిగా ఉన్నాయి. కారే కప్పు కింద ఉన్నవాటికి నల్లబూజు. ఇక తినొద్దనే మాటే మానేశారు. బూజు పట్టినవి పారబోస్తే బదులు బియ్యం ఇప్పించే పూచీ తనదన్నారు. జనం విన్నారు, బుట్టలు దించారు.

ఊరి చివర చిలకమ్మ ఇల్లొక్కటి నా వంతుకు మిగిలింది. వాన ముసురుకొస్తోంది. ఆ ఇంట్లో ఎవరికీ జలుబైనా రాలేదు. రేపు చూడొచ్చులే అనుకుని, చూసినట్టే టిక్కు పెట్టేశాను. మూడోరోజు ఆ ఇంట్లో టెంక అంబలి తాగి పడిపోయారని కబురొచ్చింది. చిలకమ్మ బతికింది, కూతురు బతకలేదు.

"అందరిళ్లకీ ఎల్లారు. మా ఇంటికి రానేదేటమ్మా?" అని చిలకమ్మ అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టు అడిగింది. మేడం నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పెన్ను చేతికిచ్చి, ఆ పిల్ల పేరు, తిన్నదేమిటో నన్నే రాయమన్నారు.

ఆవిడ రిటైరయ్యారు. ఇప్పుడు సూపర్వైజరును నేనే. నెలనెలా పైఆఫీసుకు లెక్కలు పంపుతూనే ఉంటాను, అవి ఎప్పుడూ సరిపోయినట్టు అనిపించవు. ఏ ఊరు వెళ్లినా కబురు రాని ఇంటి తలుపే ముందు తడతాను. "మా ఇంట్లో ఏటీ కానేదమ్మా, ఏటికొచ్చినావు?" అంటారు. అందుకే వచ్చానని చెప్పి అటక ఎక్కుతాను.