యాదగిరన్న చెవి

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే, రెండు మూడు మాటలు. కానీ అది ఒక మనిషి తన చెవిని తానే నమ్మకుండా చేసింది. నా పేరు రాయను, అంత ధైర్యం ఇంకా రాలేదు. ఆయన పేరు మాత్రం రాస్తాను. యాదగిరన్న.

నాంపల్లి స్టేషన్ దగ్గర సందులో పాత జీపులు బాగుచేసే షెడ్డు మాది. యాదగిరన్న అందులో పెద్ద మెకానిక్. ఏ జీపుకైనా వెనక యాక్సిల్లో చప్పుడొస్తోందంటే ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని అబిడ్స్ దాకా ఒక చుట్టు తిప్పితే చాలు. కళ్లు మూసుకుని వినేవాడు. యాక్సిలరేటర్ తొక్కితే పెరిగి, వదిలితే తగ్గితే పినియన్ పళ్లచక్రం. మలుపులో మారితే చక్రం బేరింగు. దేనికీ మారకుండా వేగంతో పాటే మూలుగుతుంటే రెండు చక్రాల నడుమ ఉన్న డిఫరెన్షియల్ బేరింగు. జీపు దిగేలోపే చెప్పేసేవాడు. ఆ సీటు మీద నాకు కన్నుండేది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఒకసారి ఒక పచ్చ జీపు వచ్చింది. దాని వెనక యాక్సిల్ పని నేనొక్కణ్ణే చేస్తానని పట్టుబట్టాను. అప్పటికి నాకు ముప్పై దాటాయి, ఇంకా ఆయన చేతి కిందే ఉండటం నామోషీగా ఉండేది. డిఫరెన్షియల్ బేరింగుల మీద రెండు ఇనుప మూతలుంటాయి. ఎడమది ఎడమకే, కుడిది కుడికే సరిపోతుంది. అందుకే విప్పేముందు పంచ్‌తో ఎడమ మూత మీద ఒక చుక్క, కుడి మూత మీద రెండు చుక్కలు కొట్టమని అన్న ఎన్నోసార్లు చెప్పాడు. నేను కొట్టలేదు. నాకు గుర్తుండదా అనుకున్నాను. డీజిల్‌తో కడిగి గోనెపట్టా మీద పెట్టాక చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. అందాజుగా బిగించాను. మూత కూర్చునే అతుకు మీద గోరుతో గీస్తే గోరుకు అంచు తగిలింది. మూత సరిగ్గా కూర్చుంటే తగలకూడదు. అది నాకు తెలుసు. తెలిసీ ఎందుకు విప్పలేదు? పొద్దుటి నుంచి గొప్పలు చెప్పుకున్న నోటితో మళ్లీ అన్నను పిలవలేకపోయాను. అంతే.

నెల తిరక్కుండానే ఆ జీపు మూలుగుతూ వచ్చింది. అన్న ఎక్కి ఒక చుట్టు తిరిగొచ్చాడు. దిగుతూ నన్నే అడిగాడు.

"నడిమిట్ల మోగుతుంది. మూతలకు చుక్కలు కొట్టినవా?"

"కొట్టానన్నా. అది చక్రం బేరింగు. నీ చెవి మునుపట్లా లేదు."

ఓనరు ముందు, షెడ్డులో అందరి ముందు ఆ మాటన్నాను. కొందరు నవ్వారు. ఆయన చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. నేను చక్రాల బేరింగులు మార్చి, డిఫరెన్షియల్లో చిక్కటి ఆయిల్ పోసి చప్పుడు అణిచేశాను. ఓనరు నమ్మాడు. అన్న చెవి దవాఖానకు పోయి చూపించుకున్నాడు. బాగానే ఉందన్నారట. ఆయన డాక్టరును నమ్మలేదు, నన్ను నమ్మాడు. ఆ తర్వాత ఎవరు పిలిచినా ట్రయల్‌కి రాలేదు. జీపుల కుదుపులు ఆపే కమాన్ కట్టలకు గ్రీజు పెడుతూ తొమ్మిదేళ్లు గడిపాడు. ఆ సీటు నాదైంది. అందులో కూర్చున్న ప్రతిసారీ నేను విన్నదేమిటి, బండి చప్పుడా, ఆ రోజు నవ్వులా?

పోయిన నెల ఆ పచ్చ జీపే మళ్లీ వచ్చింది. ఇన్నేళ్లూ చేవెళ్ల దగ్గర ఎవరి తోటలోనో కదలకుండా పడి ఉందట. కొత్త ఓనరు రోడ్డెక్కించగానే అదే మూలుగు. విప్పాను. బేరింగులు గీతలు పడి ఉన్నాయి. మూతల మీద ఒక్క చుక్కా లేదు. బేరింగులు మార్చేసి నోరు మూసుకోవచ్చు. చెయ్యి అటే పోయింది కూడా. కానీ ఎందుకో ఆ రెండు మూతలూ పట్టుకుని, గ్రీజు డబ్బా దగ్గర కూర్చున్న అన్న ముందుకెళ్లి, షెడ్డంతా వినేలా చెప్పేశాను. చుక్కలు కొట్టలేదని, గోరుకు అంచు తగిలినా విప్పలేదని, ఆయన చెవి తప్పు కాదని. గెలిచినట్టనిపించింది. ఎవరి మీద? నా మీదే.

అన్న తిట్టలేదు. మూతలు తీసుకుని జీపు కిందికి దూరాడు. అటుది ఇటు, ఇటుది అటు పెట్టి గోరుతో గీశాడు. ఈసారి తగల్లేదు. కొత్త బేరింగులు వేశాం. బిగించేముందు చుక్కలు తానే కొట్టాడు.

ఆదివారం పొద్దున, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తున్న వేళ, ఆ జీపును అబిడ్స్ వైపు తీసుకెళ్లాను. తొమ్మిదేళ్ల తర్వాత ఆయన నా పక్క సీట్లో ఉన్నాడు. తొక్కాను, వదిలాను, మలుపు తిప్పాను. వెనక నుంచి చిన్న మూలుగైనా లేదు. నాకు కేక పెట్టాలనిపించింది. అంతలో ఆయన కళ్లు మూసుకునే చెయ్యెత్తాడు.

"ముంగట ఎడమ దిక్కు కమాన్ బుష్ పోయింది. ఇనవడ్తలేదా?"

నాకు వినపడలేదు, నిజంగానే. షెడ్డుకొచ్చి విప్పితే రబ్బరు బుష్ రెండు ముక్కలై చేతిలోకొచ్చింది. ఆయన దాన్ని పైకెత్తి ఒక్కొక్కరికీ చూపించాడు, నాకు తప్ప. ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

క్షమించానని ఆయన అనలేదు. నేను అడగలేదు. ఇప్పుడు ట్రయల్ సీటు ఆయనది, స్టీరింగు నాది. అయినా మీకెందుకు చెప్తున్నానంటే, ఆ రోజు నవ్వినవాళ్లలో సగం మంది మా షెడ్డులో లేరు. గౌలిగూడలో, కాచిగూడలో ఎక్కడెక్కడో పనిచేస్తున్నారు. వాళ్లలో ఎవరైనా ఇది చదివితే తెలియాలి. యాదగిరన్న చెవికి ఏ రోజూ ఏమీ కాలేదు. అబద్ధమాడింది నేను.