జేజి తడిమి చూసిన ఎముక

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం, మా చిన్నత్త ఒక మనిషిని సంచిలో వేసుకుని మా ఇంటికి తెచ్చింది. ఊరికే ఇంతే చెబితే మీరు నవ్వుతారని తెలుసు. అందుకే నిదానంగా, మొదటి నుంచి చెబుతాను పిల్లలూ.

చిన్నత్త అంటే మా నాయన చెల్లెలు. మాది నల్లమాడ దగ్గర చిన్న పల్లె. మా వైపు నుంచి డాక్టరు చదువుకు పోయిన ఆడపిల్ల ఆమె ఒక్కతే అని మా జేజి, అదే మా నాయన తల్లి, కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పుకునేది. ఊళ్లోకి ఎస్టీడీ బూత్ కొత్తగా వచ్చిన రోజులు. వానల్లేక ఏడాదికేడాది వేరుశెనగ చేన్లు ఎండిపోతున్న రోజులు కూడా. సెలవులిచ్చారని అత్త కదిరి బస్సు దిగింది. చేతిలో బట్టల సంచి, భుజాన ఇంకో బరువైన జిప్పు సంచి. ఆ రెండోదాన్ని ఎవరినీ ముట్టనివ్వకుండా తానే అటక మీదికి ఎక్కించింది. అంత భద్రంగా పెట్టిందంటే అందులో నాకోసం తెచ్చిన మిఠాయిలు తప్ప ఇంకేముంటాయి అనుకున్నాను.

మర్నాడు పొద్దున అత్త నీళ్లకు పోయింది. జేజి వసారాలో విత్తనపు కాయలు ఒలుస్తోంది. నేను కాయల మూటల మీదెక్కి, సంచి జిప్పు లాగి, లోపల తువ్వాలులో చుట్టిన గుండ్రటి వస్తువును బయటికి తీశాను. తువ్వాలు జారిపోయింది. నా రెండు అరచేతుల మధ్య ఒక పుర్రె ఉంది.

చేతులు వదిలేయమంటే వదల్లేదు. ఆ కళ్ల గుంటల్లోంచి వెనకాల ఉన్న గోడ కనిపించడం ఇప్పటికీ నాకు గుర్తుంది. మూటల మీద నుంచి జారి నేలమీద కూలబడ్డాను. ఆ చప్పుడుకు జేజి లోపలికొచ్చింది. నన్ను చూసింది, నా ఒళ్లో ఉన్నదాన్ని చూసింది. తిడుతుందనుకున్నాను. నన్ను లేపలేదు, తిట్టలేదు. గోడకు చేయి ఆనించుకుని అలాగే నిలబడిపోయింది.

అత్త బిందె దించుకుంటూ గుమ్మంలో ఆగింది. వెనకాలే మా నాయన.

"ఎవురిదే ఇది?" అంది జేజి. ఆమె గొంతు ఎప్పుడూ లేనంత మెల్లగా ఉంది.

"తెలీదు మా. సీనియర్ల కాడ తీసుకున్న్యా. చదువుకోను అందురికీ ఒక సంచి ఉంటాది."

"ఎవురిదో తెలీకుండా ఇంట్లోకి ఎట్ల తెచ్చినావే?"

"బెంగళూరు నుంచి వస్తాయంట మా. ఎవురూ వెతుక్కుంటా రాని శవాలు ఉంటాయి కదా ఆస్పత్రుల్లో, వాటివి..."

అత్త అక్కడే ఆగిపోయింది. తన నోట్లోంచి ఏం వచ్చిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. మా అందరికీ అర్థమైంది.

మా నాయనకు ఒక అన్న ఉండేవాడు. మా పెదనాయన. కరువు తట్టుకోలేక బెంగళూరుకు ఇళ్లు కట్టే పనికి పోయాడు. కొన్నాళ్లు ఆ ఊరి నుంచి వచ్చేవాళ్ల చేత కబుర్లు పంపాడు. తర్వాత కబుర్లు ఆగిపోయాయి. మా నాయన పోయి కట్టడాల వెంట తిరిగి, ఆస్పత్రుల్లో అడిగి, ఒక్కడే తిరిగొచ్చాడు. పోయాడని ఎవరూ చెప్పలేదు, ఉన్నాడనీ చెప్పలేదు. జేజి ఆ విషయం ఎత్తేది కాదు. మేమూ ఎత్తేవాళ్లం కాదు.

మొదట కోపం తెచ్చుకున్నది మా నాయన. "ఇట్లాటియి ఇంట్లో పెట్టుకుంటారా ఎవురైనా? ఊళ్లో తెలిస్తే వాన రానిదానికీ మనల్నే అంటారు. తీస్కపోయి ఏట్లో పారేస్తా. నీ చదువూ వద్దు, ఏమీ వద్దు, ఇంట్లో ఉండు."

అప్పుడు జేజి, కొడుకు వైపు చూడకుండానే, "నువ్వుండప్పా" అంది. అత్తతో, "అన్నీ కిందికి దించు. చూడాల నేను" అంది.

వసారాలో గోనెపట్ట పరిచారు. అత్త ఒక్కొక్క ఎముకా తీసి పెట్టింది. నేను కళ్లు మూసుకోవాలనుకుని మూసుకోలేకపోయాను. జేజి అడిగింది ఒక్కటే, మొగోడిదా ఆడమనిషిదా అని. అత్త తుంటి ఎముక తీసుకుంది. దాని అంచున వంపులాంటి చోటు ఉంటుంది. అందులో బొటనవేలు పెట్టి అటూ ఇటూ కదిపింది. మళ్లీ పెట్టి చూసింది. మగవాళ్లకు ఈ వంపు ఇరుకుగా ఉంటుందని, ఇది వెడల్పుగా ఉందని చెప్పింది. పుర్రె తీసి నుదురు చూపించింది. కనుబొమల చోట నున్నగా ఉంది. మగవాళ్లకైతే కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుందట. "ఎప్పుడో పురాతన కాలంలో బతికిన మనుషులకైతే ఈడ గట్టు మాదిరి ఉండేదంట మా. ఇది ఆడామెదే అనిపిస్తాంది."

మా నాయన గట్టిగా ఊపిరి వదిలాడు. జేజి వదల్లేదు.

"అన్నీ ఒకరివేనా?"

అత్త అవునని ఉంటే ఆ పూట అంతటితో అయిపోయేది. మా నాయన కళ్లతోనే అవునని చెప్పమన్నాడు, నేను చూశాను. అత్త తల దించుకుని, "అది చెప్పలేను మా. ఒకరివి ఇంకొకరివి కలిసిపోయి ఉంటాయి" అంది.

"కాలి ఎముక ఇయ్యి అయితే. మోకాలి కిందిది."

ఎందుకు అడిగిందో అప్పటికి నాకు తెలియదు కానీ మిగతా ఇద్దరికీ తెలుసు. పెదనాయన చిన్నప్పుడు బండి మీద నుంచి పడి ఎడమ కాలు విరగ్గొట్టుకున్నాడట. కట్టు కట్టించారు, అతుక్కుంది, కానీ అతుక్కున్న చోట ఒక బుడిపె మిగిలిపోయింది. ఎదిగేదాకా ఆ బుడిపెకు రోజూ ఆముదం రాసింది జేజే.

"ఇది ఏ కాలిది?"

"ఎడమదే మా."

జేజి కళ్లు మూసుకుని ఆ ఎముకను ఒళ్లో పెట్టుకుంది. మోకాలి వైపు నుంచి బొటనవేలితో తడుముతూ కిందికి దిగింది. సగం దాకా వచ్చి ఆగింది. మళ్లీ పైకి పోయి మళ్లీ దిగింది. మేము ముగ్గురం ఆ వేలినే చూస్తున్నాం. నాకప్పుడు భయమేసింది పుర్రెను చూసి కాదు, జేజి ముఖాన్ని చూసి.

"నున్నగుండాది," అంది చివరికి. "వాడు కాదు."

మా నాయన గోడ వైపు తిరిగాడు. ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. కానీ జేజి వేలు ఎముక చివరి దాకా జారి, చీలమండ దగ్గర ముందువైపు ఆగింది. అక్కడ చిన్న నొక్కు ఉంది, గింజ ఒత్తినట్టు, నున్నగా. ఇదేంది అని అడిగింది.

అత్త కొంచెం తేరుకుని చెప్పింది. గొంతుకూర్చున్నప్పుడు, అంటే మడమలు నేలకు ఆనించి పిరుదులు నేలకు తగలకుండా కూర్చున్నప్పుడు, కాలి ఎముక ముందు అంచు పాదం ఎముకకు ఒత్తుకుంటుందట. ఏళ్ల తరబడి అలా కూర్చుంటే అక్కడ ఇలా గుర్తు పడుతుందట. కుర్చీల్లో పెరిగిన వాళ్లకు ఎక్కువగా ఉండదట. "గుహల్లో బతికినోళ్ల ఎముకల మీద గూడా ఇదే గుర్తు ఉండాదంట మా."

నేను మా జేజిని చూశాను. గోనెపట్ట పక్కన ఆమె గొంతుకూర్చునే ఉంది. అత్త అలాగే కూర్చుంది. మా నాయన గోడ పక్కన అలాగే. నేనూ అలాగే. నా చేయి దానంతట అదే పోయి నా చీలమండను పట్టుకుంది. పొద్దున పుర్రెను చూసినప్పటికంటే ఇది పెద్ద దెబ్బ. అప్పటిదాకా అది ఎముక. ఆ క్షణాన ఆమె మా వసారాలో మా మధ్య కూర్చున్న మనిషి అయిపోయింది.

"అయితే కలుపు తీసిన మనిషే," అంది జేజి.

"కలుపే అని చెప్పలేం మా. పొయ్యి కాడ కూర్చున్నా అంతే పడతాది."

"కలుపు తీసేదానికి ఇంట్లో పొయ్యి ఉండదా యేందే?"

అంతదాకా ఏడవని జేజి అప్పుడు ఏడ్చింది, కొడుకు కోసం కాదు. "ఈమె ఇంట్లో ఇంగా ఎవురో ఎతుకుతాండారు. దావ చూస్తాండారు" అని అదే మాట మళ్లీ మళ్లీ అంది. తర్వాత కళ్లు తుడుచుకుని మా నాయనతో చెప్పింది. "ఈమెను మనం ఏట్లో ఏస్తే, రేపు నా కొడుకును ఇంకెవురో ఏట్లో ఏస్తారు. అది చదువుకోనీ. ఈమెను చూసి నేర్చుకొని నలుగురిని బతికించనీ."

మా నాయన సరేనన్నాడు. అత్త చదువు నిలబడింది.

ఆ సెలవులు అయ్యేదాకా ఆమె మా ఇంట్లోనే ఉంది. అటక మీద కాదు, దేవుడి గూటి పక్కన పీట మీద. అత్త రోజూ ఒక్కొక్క ఎముకా తీసి పైకి చదువుకుంటుంటే నేను పక్కన కూర్చునేదాన్ని. జేజి కాయలు ఒలుస్తూ, "మెల్లిగా పట్టుకోవే, నొప్పి పుట్టేను" అనేది. అత్త నవ్వేది. జేజి నవ్వేది కాదు. తిరిగి పోయే రోజున ఎముకలన్నిటినీ తన పాత చీరలో మూటకట్టి, పసుపు కుంకుమ పెట్టి, గుప్పెడు బియ్యం వేసింది. ఆడమనిషిని గడప దాటించేటప్పుడు వట్టిగా పంపకూడదంది. కలిసిపోయిన ఎముకల్లో మగవాళ్లవీ ఉండొచ్చు కదా అని మా నాయన గొణిగితే, వాళ్లకూ ఒక తల్లి ఉంటుంది, బియ్యం వాళ్లకూ చెల్లుతాయంది.

పెదనాయన రాలేదు. ఆయనకేమైందో మాకు ఇప్పటికీ తెలియదు. జేజి తెలియకుండానే పోయింది.

బస్టాండులోనో ఆస్పత్రి బల్ల మీదో ఒంటరిగా కూర్చున్న వాళ్లు కనబడితే నేను ఊరు, పేరు అడుగుతానని మీకు చిరాకు. నువ్వెందుకవ్వా అందరినీ ఆపుతావు అని సెలవులకు వచ్చినప్పుడల్లా నా కొంగు లాగుతారు. ఊరూ పేరూ లేకుండా మా ఇంటికొచ్చిన ఒక మనిషిని నేను ముట్టుకున్నాను పిల్లలూ. ఆమెను సమయానికి ఎవరూ అడగలేదు. అందుకే అడుగుతాను. కొందరు విసుక్కుంటారు, కొందరు చెబుతారు. చెప్పిన వాళ్ల పేరును ఒకసారి పైకి అనుకుని, అప్పుడు బస్సెక్కుతాను.