హంసలా, నెమళ్లా?

గద్వాలలో చీరల డిజైన్లు గీసే చోట నాకు పని నేర్పిన అక్క, కంప్యూటర్ ముట్టుకునే ముందు ఎవరినైనా "స్నాప్‌షాట్ తీసినవా?" అని అడిగేది. మా పాత సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా పనిచేసే వర్చువల్ మెషీన్‌లోనే నడిచేది. అది చెడిపోతే, స్నాప్‌షాట్ తీసినప్పుడు ఎలా ఉందో అలా వెనక్కి తిప్పేది అక్క.

ఒకరోజు చూపు తగ్గిన ఓ ముసలి నేతగాడు, వాళ్లమ్మ నేసిన అంచును గుర్తు చేసుకుని చెబుతుంటే అక్క మధ్యాహ్నం దాకా గీసింది. అంతలో మెషీన్ మొరాయించింది. పొద్దున తీసిన స్నాప్‌షాట్‌కు తిప్పితే మెషీన్ బాగైంది కానీ, గీసిన అంచంతా పోయింది. అక్క తల పట్టుకుంది.

"పరేషాన్ గాకు బిడ్డా, మల్ల చెప్త," అన్నాడు తాత.

మళ్లీ చెప్పాడు. కానీ పొద్దున హంసలన్న చోట ఇప్పుడు నెమళ్లన్నాడు.

"తాతా, పొద్దుగాల గిట్లనే చెప్పినవా?"

"గిట్లనే. మా అమ్మ నేసింది నాకు తెల్వదా?"

అక్క నెమళ్లే గీసి, కాగితం మీద అచ్చు తీసి ఇచ్చింది. తాత దాన్ని కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు.

"హంసలే గదనే?" అని అక్క నన్ను పదేపదే అడిగింది. మొదట అవునన్నాను. సాయంత్రమయ్యేసరికి నాకూ తెలియలేదు.