పాతరలోంచి అందిన బోను

దయ్యాల వార్తలను చెత్తబుట్టలో వేయడం నా ఉద్యోగంలో ఒక భాగం. నల్లగొండ జిల్లాలో విలేకరిగా ఉన్న రోజుల్లో ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. ఎవరు చూశారు, ఎక్కడ నిలబడి చూశారు, పక్కన ఎవరున్నారు అని అడిగేవాణ్ణి. అక్కడితో వార్త చచ్చిపోయేది. దయ్యాలున్నాయని నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. చిక్కల్లా ఏమిటంటే, ఈ సంగతిలో చూసినవాణ్ణి నేనే.

అరవైల మొదట్లో మాట. కన్నడ దేశపు అడవుల్లో కోతులు చచ్చి, ఆ దగ్గరి ఊళ్ళవాళ్ళకు అంతుపట్టని జ్వరం వచ్చిందని అందరూ చెప్పుకునేవారు. అలాంటి వైరస్ మన వైపు ఎలుకల్లో, పందికొక్కుల్లో ఉందేమో చూడటానికి ఒక బృందం మా జిల్లాకు వచ్చింది. సాయంత్రం చేలగట్ల మీదా ఇళ్ళ మూలల్లోనూ బోన్లు పెట్టేవారు. పొద్దున తీసి, పడిన ఎలుకలకు మత్తు ఇచ్చి, బొచ్చులో ఉన్న పిడుదులను దువ్వెనతో దువ్వి తీసేవారు. నెత్తురు చిన్న సీసాల్లోకి తీసి, ఐసు పెట్టెలో సర్ది హైదరాబాదు బస్సు ఎక్కించేవారు. ఊళ్ళల్లో వాళ్ళను ఎలుకల డాక్టర్లు అనేవారు.

అందులో బోన్లు పెట్టి తీసే పని మా అక్క భర్త యాదగిరి బావది. వార్త రాద్దామని ఒకసారి వాళ్ళ వెంట మర్రిగూడ వైపు వెళ్ళాను.

"ఏం బామ్మర్ది, పేపర్ల ఎలుక ఫోటో ఏస్తవా, నా ఫోటో ఏస్తవా?" అన్నాడు బావ.

"ఎవరు అందంగ ఉంటే వాళ్ళది."

"గట్లయితె ఎలుకదే పడ్తది. కావాల్నంటె మీ అక్కనడుగు."

మేం దిగింది గొర్రెలు కాసే ఒక కుటుంబం ఇంట్లో. మగవాళ్ళంతా మందలు తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయారు. మల్లమ్మ అనే అవ్వ ఒక్కతే ఉంది. వాకిట్లో జొన్నల పాతర ఉంది. పైన మనిషి దూరేంత మూతి, లోపల కుండలా వెడల్పుగా తవ్విన గొయ్యి. గింజలు పోసి, మూతి మీద బండ పెట్టి మట్టి మెత్తుతారు. దాని పక్కనుంచి ఎలుకలు బొరియలు చేసుకున్నాయి. మనిషి తినే గింజల్లోనే కాపురం పెట్టిన ఎలుకలు కాబట్టి బృందంతో వచ్చిన డాక్టరుకు అవి తప్పక కావాలి.

పాతర బండ తీయగానే ఎవరూ దిగరు. మూసి ఉన్న గింజల్లో గాలి చెడిపోతుంది. పగలంతా తెరిచి ఉంచి, తర్వాత దీపం దించి చూస్తారు. వెలిగితే దిగవచ్చు, ఆరితే దిగకూడదు. మేమూ అలాగే చేశాం. సాయంత్రం దీపం నిలకడగా వెలిగింది. బావ దిగి, జొన్నరొట్టె ముక్కలు ఎర పెట్టి బోన్లు అమర్చాడు. ఆ తర్వాత మేకపిల్లలు అందులో పడతాయని బండ మళ్ళీ కప్పేశారు.

తెల్లవారి బండ జరపగానే బావ దిగబోయాడు.

"ఆగు కొడుకా," అంది మల్లమ్మ. "రాత్రంత మూసున్నది. దీపం దెస్త, జర ఆగు."

డాక్టరు ఐసు పెట్టె మూత తీసి చూసుకుంటున్నాడు. ఆయనది బందరు వైపు. "ఐసు కరిగిపోతోంది యాదగిరీ. బస్సు తప్పితే ఇన్నాళ్ళ సీసాలూ పారబొయ్యాలి."

"నిన్న దీపం మంచిగనే ఎలిగింది కద అవ్వా. నువ్వు చాయ పెట్టు, నేను ఎక్కొచ్చేదాక మరుగుతది," అని బావ దిగిపోయాడు. మల్లమ్మ గొణుక్కుంటూ దీపం కోసం లోపలికి వెళ్ళింది.

నేను మూతి దగ్గర బోర్లా పడుకుని చేతులు లోపలికి చాచాను. బావ గింజల మీద నిలబడి ఒక్కొక్క బోనే అందిస్తున్నాడు. ఎలుకలు తాకకూడదని వాళ్ళంతా మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకునేవారు. నన్ను బోను పైకొక్కెం మాత్రమే పట్టుకోమన్నారు. అందిన బోన్లలో ఎలుకలు కదలకుండా పడి ఉన్నాయి. అదెందుకో అప్పుడు నాకు తట్టలేదు.

లోపల బావ ఎవరితోనో మాట్లాడటం వినిపించింది. "సరే సరే, పోతున్న" అంటున్నాడు. ఎలుకలతో మాట్లాడటం ఆయనకు అలవాటే.

తర్వాత చేతులు పైకి చాచాడు. రెండు చేతులూ పట్టుకుని డాక్టరూ నేనూ పైకి లాగాం. బావ కళ్ళు ఎర్రబడ్డాయి. దగ్గుతూ గోడకు చేరగిలబడ్డాడు. డాక్టరు ఆయన నాడి చూస్తున్నాడు.

అదే ఊపులో నేను మళ్ళీ మూతి దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాను. ఇంకో బోను అందింది. తీసుకుని పక్కన పెట్టాను. అందులో ఎలుక బతికే ఉంది, తీగెలను గీరుతోంది.

"పెద్దాయన ఎక్కిండా?" అన్నాడు బావ.

"ఏ పెద్దాయన?"

"లోపలున్నాయన. మూలకున్న బోన్లు నాకు అందిచ్చిండు కద. నువ్వు ముందు ఎక్కు, ఉన్నది నేను అందిస్త అన్నడు." మా ముఖాలు చూసి ఉలిక్కిపడి లేచాడు. "ఎక్కలేదా? లోపల దమ్మాడ్తలేదు. ముసలాయన సస్తడు!"

మళ్ళీ దిగడానికి మూతి వైపు ఉరికాడు. డాక్టరు నడుం పట్టుకున్నాడు, నేను కాళ్ళు పట్టుకున్నాను. మనిషి మహా బలశాలి. ఆయన జారిపోతే మళ్ళీ పైకి తేగలిగినవాళ్ళు అక్కడ లేరు.

"ఇడువుండ్రి! మనిషున్నడు లోపల!"

మల్లమ్మ దీపం తెచ్చి తాడుతో దించింది. మూతి దాటిందో లేదో, ఆరిపోయింది. వెలిగించి మళ్ళీ దించింది. మళ్ళీ ఆరిపోయింది. అది చూశాక కూడా బావ పెనుగులాట ఆపలేదు.

"కొడుకా, మా ఇంట్ల మొగోడే లేడు," అంది మల్లమ్మ. "ఎవలు దిగుతరు?" తర్వాత, మేం అడక్కుండానే చెప్పింది. "మా అత్త కాలం సంది గీ పాతరల ఎవ్వలు సావలే."

బావను బండిలో దేవరకొండ దవాఖానకు తీసుకుపోయాం. తేరుకున్నాడు. పాతరకు బాగా గాలి ఆడనిచ్చి, కూలీలను పెట్టి అడుగు దాకా గింజలు తోడించాం. జొన్నలు, చచ్చిన ఎలుకలు, ఒక విరిగిన చేట. ఇంకేమీ లేదు. మనిషి దూరేంత బొరియ కూడా లేదు.

చెడుగాలికి మెదడు తిరిగి యాదగిరికి మనిషి కనిపించాడన్నాడు డాక్టరు. అది నేనూ ఒప్పుకున్నాను. బోను సంగతి చెబితే, మూతి దగ్గర నాకూ ఆ గాలి తగిలి ఉంటుందన్నాడు. బావ ఎక్కకముందు అందుకున్న బోనునే తర్వాత అందుకున్నట్టు అనుకుంటున్నానట. కావచ్చు. కానీ ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అని చూసుకోవడమే నా బతుకుదెరువు. పైగా ఆ బోను అందించిన చేతికి తొడుగు లేదు. జొన్న దుమ్ము పట్టిన ఒట్టి చెయ్యి. వేళ్ళు నా మణికట్టుకు తగిలాయి, చల్లగా ఉన్నాయి.

బావ ఇప్పటికీ ఉన్నాడు. కలిసినప్పుడల్లా, తింటున్నవాడు చెయ్యి ఆపి అడుగుతాడు. "బామ్మర్ది, గాయన ఎక్కిండంటవా?"

"అడుగు దాకా తోడి చూశాం కదా బావా. ఎవరూ లేరు."

"లేకుంటె మంచిదే," అంటాడు. "ఉంటె మటుకు, నేను ముందు ఎక్కిన."

ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. అది బోను ఇచ్చి, నేను పట్టుకున్నానో లేదో కాస్త ఆగి చూసుకుని, వెనక్కి పోయింది.